అసిరమ్మ కొడవలి

అసిరమ్మని ఒక మంత్రసాని ఉండేదంట. దిగువీధిలో పుట్టే పిల్లలకి బొడ్డు కోసేది ఆవిడే. ఏటైందంటే, రెండేళ్ళుగా ఆ వీధిలో పసిగుడ్లు సచ్చిపోతన్నారు. పుట్టినప్పుడు బాగానే ఏడుత్తారు, వారం తిరక్కుండా పోతారు. ఆ ఊరి దొర తలారి దాలయ్యని పంపి లెక్క తీయించాడు. దాలయ్య ఇల్లిల్లూ తిరిగొచ్చి, "పంతొమ్మిది మంది బాబూ, అందరూ దిగువీధోళ్ళే. ఎగువీధిలో ఒక్కరూ లేరు" అన్నాడంట. అయితే ఆ నేలే సెడ్డది, ఇళ్ళు పీకించేత్తానన్నాడు దొర. వానాకాలం అనుకో, బాలింతలు ఎక్కడికెళ్తారు సెప్పు?

అసిరమ్మ ఎళ్ళి కాళ్ళట్టుకుంది. "బాబూ, ఎక్కడ పోతన్నారో లెక్క సెప్పింది, ఎందుకు పోతన్నారో సెప్పలేదు. తల్లుల్ని నన్ను అడగనీ" అంది. సరే అన్నాడు. ఒక్కో గడపలో పూటంతా కూకుంది. అందరిదీ ఒకటే మాట, దవడ బిగిసిపోయింది, పాలు పట్టలేదు, ఒళ్ళు విల్లులాగ వొంగిపోయింది అని. తవుడమ్మని ఒకర్తి, ఇద్దర్ని పోగొట్టుకుంది, మూడోది బతికింది. తవుడమ్మ తలెత్తట్లేదు. సెప్పవే అంటే, "ఏటి సెప్పను పిన్నీ, ఇది సోడి సేలో కలుపు తీత్తంటే పుట్టేసింది. నువ్వొచ్చేలోగా మా అత్త పచ్చి వెదురు సీల్సి బొడ్డు కోసింది" అని ఏడ్సింది. అసిరమ్మకి తన కొడవలి గుర్తొచ్చింది. బొడ్డు కోసే ఆ కొడవలి రెండేళ్ళుగా గొడ్లసావిడి సూరులో, పేడ మట్టిలో ఉంటాది మరి.

ఒక్కర్తి మాటే కదా అని ఊరుకోలేదు. దాలయ్యని పిలిసి, "బావా, మళ్ళీ తిరుగు. బతికినోళ్ళనీ లెక్కెట్టు. బొడ్డు దేంతో కోసారో అడుగు" అంది. మూడ్రోజులకి వొచ్చాడు. "సెప్పు బావా." "పోయిన పంతొమ్మిదికీ నీ కొడవలే అసిరీ. ఎగువీధోళ్ళకీ, తవుడమ్మ మూడోదానికీ, అందరికీ వెదురే. వాళ్ళలో ఒక్కటీ పోలేదు."

అసిరమ్మ ఏడవలేదంట. లేసి పంతొమ్మిది ఇళ్ళకీ తనే ఎళ్ళింది. నా కొడవలే నీ బిడ్డని తినేసిందమ్మా అని గుమ్మంలో నిలబడి సెప్పింది. ఒకర్తి తలుపేసేసింది. ఒకర్తి సీపురెట్టి కొట్టింది, కొట్టించుకుంది. ప్రతి ఇంట్లోనూ వెదురు ఎలా సీల్సాలో నేర్పింది, మళ్ళీ ఏ కానుపుకీ సెయ్యేసింది కాదు.

దొరకి సంగతి తెలిసాక ఇళ్ళు పీకలేదు, పిల్లలు బతికారు. బారసాలలకి మాత్రం అసిరమ్మని ఎవరూ పిలవలేదంట. పిలిత్తే మాత్రం ఎళ్తాదేటి, నువ్వైతే ఎళ్తావా?