దుర్గమ్మ కిటికీ

1992 ఆగస్టు 17వ తేదీన శ్రీమతి కనకదుర్గ గారు మాడుగుల అవతల ఏజెన్సీలోని ఒక ఆరోగ్య కేంద్రంలో ల్యాబ్ టెక్నీషియన్‌గా ఉద్యోగంలో చేరారు. మలేరియా కాలంలో రక్తపు స్లైడ్ల మీద వంచిన తల ఎత్తేవారు కాదని అప్పటి సహోద్యోగులు చెబుతారు. 2006లో బదిలీ మీద చోడవరం దగ్గరి మన కేంద్రానికి వచ్చారు. ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. మందుల కౌంటరులో ఇన్నేళ్ళు ఆమె గదికి ఎదురుగా కూర్చున్నవాణ్ణి గనక వీడ్కోలు సంచికకు మంచి మాటలు రాయమని కమిటీవారు నన్ను అడిగారు. మంచి మాటలు రాసేవారు చాలామంది ఉన్నారు. నేను ఆమె పని గురించి రాస్తాను.

మన వైపు చెరకు కొట్టే ఆడవాళ్ళు పొద్దున్నే పొలంలో దిగితే సాయంత్రం దాకా నీళ్ళు తాగరు. తాగితే వెళ్ళాలి, వెళ్ళడానికి చాటు ఉండదు. మూత్రంలో మంట మొదలైతే వేడి చేసిందనుకుని మజ్జిగ తాగి ఊరుకుంటారు. ఆసుపత్రికి వచ్చినా, ఆ రోజుల్లో మూత్రం సీసా పట్టుకుని వరండాలో జ్వరాల వరసలో నిలబడ్డ మగవాళ్ళందరి ముందునుంచీ ల్యాబ్ దాకా నడవాలి. ఆ వరసలో బావగారుంటాడు, పక్కింటాయన ఉంటాడు.

2011లో మంటతో పరీక్షకు వచ్చిన నా భార్య చిన్నతల్లి ఆ సీసాలో కుళాయి నీళ్ళు పట్టి ఇచ్చింది. దుర్గ గారు పరీక్ష చేసి, దోషం ఏమీ లేదని రాశారు. ఊళ్ళో సూదిమందు వేసే ఒకాయన మాత్రలిచ్చాడు. మంట తగ్గగానే ఆమె మిగతావి మానేసింది. తర్వాత నడుం నొప్పి, చలి, వణుకుతో జ్వరం. విశాఖపట్నం చేర్చేసరికి మూత్రాశయంలోని ఇన్ఫెక్షన్ కిడ్నీలకు, అక్కడినుంచి రక్తానికి పాకింది. చూడడానికి వచ్చిన దుర్గ గారికి చిన్నతల్లే చెప్పింది.

"నేనిచ్చినవి కుళాయి నీళ్ళమ్మా. అంతమంది మగోళ్ళ మధ్యలోంచి అది ఎలగ తెత్తాను?"

మర్నాడు పోయింది.

పెద్దకర్మ నాడు దుర్గ గారు మా ఇంటికి వచ్చారు. కూర్చోలేదు. "సీసా నా చేతికి సల్లగానే తగిలింది కొండబాబూ. నేనడగలేదు," అన్నారు.

ఆడవాళ్ళ మరుగుదొడ్డికీ ల్యాబ్‌కీ మధ్య ఉన్నది ఒకటే గోడ. ఆ నెలలోనే ఆమె మేస్త్రీని పిలిపించి ఆ గోడకు కన్నం కొట్టించి, చిన్న చెక్క తలుపు పెట్టించారు. పైవారి అనుమతి ఆ తర్వాత వచ్చింది. లోపలివారు సీసాను అక్కడ పెట్టి, తలుపు తట్టి, ఖాళీ చేతులతో బయటికి వచ్చేస్తారు. జనం దానికి దుర్గమ్మ కిటికీ అని పేరు పెట్టుకున్నారు. తీసిన ప్రతి సీసానూ ఆమె ముందు అరచేతిలో పట్టుకునేవారు. వెచ్చగా లేకపోతే మళ్ళీ ఇమ్మనేవారు. "మేడం గారు సీసాకి జొరం సూస్తన్నారు" అని మన అటెండరు హరిబాబు వేళాకోళమాడేవాడు. ఆమె నవ్వేవారు కాదు. నేనూ నవ్వలేదు.

పోయిన చెరకు సీజనులో రావికమతం వైపునుంచి గౌతమి అనే అమ్మాయి వచ్చింది. ఏడో నెల గర్భిణి. జ్వరం, వణుకు. వెంట అత్తగారు, భర్త దిలీప్ ఉన్నారు. కిటికీలోంచి వచ్చిన సీసా వెచ్చగానే ఉంది. చీము కణాలు లేవు, కానీ చక్కెర కనిపించింది. అంతకుముందు నెల పరీక్షలో ఆ అమ్మాయికి చక్కెర లేదు. దుర్గ గారు గది తలుపు తీసి, ఇది ఎవరిదని అడిగారు.

"ఎవరిదైతే ఏటమ్మా," అంది అత్తగారు. "గుంటకి మంటెక్కువై సుక్క రావట్లేదు. నాది పోసేను. ఒకింటోళ్ళమే కదా, ఒక్క కుండలో కూడే తింటన్నాం."

వరండాలో కొందరు నవ్వారు. దిలీప్ అప్పటికే నా కౌంటరు దగ్గరున్నాడు. ఆటోవాడు వెళ్ళిపోతానంటున్నాడనీ, రెండు జ్వరం బిళ్ళలు ఇస్తే ఇంటికి పోతామనీ తొందరపెడుతున్నాడు. దుర్గ గారు గదిలోంచి వచ్చి అతని ముందు నిలబడ్డారు.

"ఆటోని ఎల్లనియ్యి బాబూ. ఒక సీసాని నేను నమ్మేను. ఆ ఇంటాయన నీ ఎదరే ఉన్నాడు. ఏటైందో అడుగు."

దిలీప్ నా వైపు చూశాడు. నేను బిళ్ళలు తిరిగి డబ్బాలో వేసి, "కూచో" అన్నాను. అతను కూర్చున్నాడు. ఆటో వెళ్ళిపోయింది.

ఆ అమ్మాయి చేత దుర్గ గారు గుక్క గుక్కగా నీళ్ళు తాగించారు. బెంచీ మీద ఆమె వణుకు చూస్తూ మేమంతా ఎదురుచూశాం. అసలు సీసా వచ్చాక దాన్నిండా చీము కణాలే. మెడికల్ ఆఫీసరు గారు వెంటనే ఇంజెక్షన్ చేయించి, 108లో పెద్దాసుపత్రికి పంపారు. ఇన్ఫెక్షన్ అప్పటికే ఒక కిడ్నీకి పాకిందని అక్కడ తేల్చారు. తల్లీ బిడ్డా దక్కారు. నెలలు నిండాకే కాన్పు అయింది.

తిరిగొచ్చిన ఆ కుటుంబానికి ఆమె చెప్పిన మాటలే అందరికీ చెప్పేవారు. దాహం వేసేదాకా ఆగకుండా నీళ్ళు తాగాలి. వస్తే ఆపుకోకూడదు. శుభ్రం ముందునుంచి వెనక్కి చేసుకోవాలి. మంట తగ్గినా డాక్టరు రాసిన మందు చివరిదాకా మింగాలి. గర్భిణులైతే మంట లేకపోయినా పరీక్ష చేయించుకోవాలి. పొలంలో పరదా చాటు కట్టడం మగవాళ్ళ పని అని దిలీప్‌కు ప్రత్యేకంగా చెప్పారు. కట్టాడట.

ఈ వ్యాసంలో ఆమెను క్షమించానని రాస్తే బాగుంటుందని ఒకరిద్దరు మిత్రులు సూచించారు. రాయను. ఆమె కూడా ఎన్నడూ అడగలేదు. ఆమె కుర్చీలోకి వచ్చేవారు ఎవరైనా సరే, సీసాను ముందు చేత్తో పట్టుకోవాలని మాత్రం కోరుతున్నాను.

కనకదుర్గ గారు ఒంట్లో ఏ బాధా లేకుండా చాలా ఏళ్ళు బతకాలి. నా భార్యకు దక్కని ఏళ్ళు కూడా ఆమెకు కలవాలి. మాకు పిల్లలు లేరు. నేను పోయాక చిన్నతల్లిని రోజూ తలుచుకోవడానికి మిగిలే మనిషి ఆమె ఒక్కరే.

– కొండబాబు, ఫార్మసిస్టు