ఖాళీ ప్యాకెట్లు

దుమ్ముగూడెంలో చెంచురామయ్య విత్తనాల కొట్టు. మిరప కోతల కాలం. గూడెం నుంచి జంపక్క వచ్చింది.

“మా పక్కింటి ద్వాలి చెప్పింది సేటూ, మొన్న మీరు కొట్టు ఎనక ఖాళీ ప్యాకెట్లన్నీ కుప్ప పోసి కాలబెట్టిన్రంట. పొగకి దాని బిడ్డ దగ్గుకుంట వచ్చిందంట.”

“ద్వాలి నోరు ఊరుకోదు. కూర్చో జంపక్కా, టీ చెప్తా.”

“టీ వద్దు. కాలబెట్టిన్రా, లేదా?”

“చెత్త కాల్చుకోమా ఏంది? నీకెందుకవి?”

“రేపు వ్యవసాయం సారు మా గూడేనికి వస్తుండు. చెట్లు నడుం దాకా పెరిగినయ్, ఒక్క కాయ లేదు. ఏ విత్తనం ఏసినమో ప్యాకెట్ చూపిస్తెనే నష్టపరిహారానికి రాస్తడంట. ఒక్క ప్యాకెట్ ఇయ్యుండ్రి.”

“బిల్లు చూపించు.”

“బిల్లు అడిగితే, మనలో మనకి బిల్లేందన్నరు.”

“సర్లే, సర్లే. ప్యాకెట్లు నా దగ్గరెక్కడివి? ఇరవై ఖాళీ ప్యాకెట్లు తెచ్చిస్తే స్టీలు బిందె అన్నా, ఇచ్చా. బిందె బాగుందని నువ్వే అన్నావు.”

“ఇల్లిల్లు తిరిగి ఏరుకొచ్చింది నేనేగా. సేటు మనోడు, ఇయ్యుండ్రే అని. ఇప్పుడు బోరింగు కాడ నా బిందె కాలుతోటి తంతున్రు.”

“నాలుగు రోజులు పోతే మర్చిపోతారు. మీ అమ్మాయి భవాని జ్వరంతో భద్రాచలం దవాఖానాలో ఉంటే ఎవరొచ్చారు? పండ్లు పట్టుకొని నేను రాలా?”

“వచ్చిన్రు. కాదన్ననా? అందుకే పదకొండేండ్లు ఇంకో కొట్టు గడప తొక్కలె. ప్యాకెట్ లేకుంటే మీరే వచ్చి చెప్పుండ్రి, విత్తనం మీదేనని.”

“నేను చెబితే లైసెన్సు పోద్ది.”

“మావి నలభై ఇండ్లు సేటూ.”

“నాకు తెలవదా? అందుకే... వచ్చే యేడు మీ గూడెంలో ఇంటికో టార్పాలిన్ ఇస్తా. మిరపకాయలు ఆరబోసుకోటానికి. పాత కస్టమర్లకే, ఇంకెవరికీ ఇవ్వను.”

“ఏం ఆరబోయాలె దాని మీద?”

“వచ్చే యేడు అన్నాగా.”

“రోడ్డు పక్కన బాబూరావు చేను ఎర్రగ కాసింది. ఆయన గూడ మీ కాడనే కొన్నడు. అదే రోజు, నా ముంగటనే.”

“ఆయనది... ఆయనది వేరే లాటు.”

“ప్యాకెట్ మీద బొమ్మ ఒక్కటేగా.”

“బొమ్మ ఒకటే. పోనీయ్ జంపక్కా.”

“పోనియ్య. రెండు రకాలున్నయని మీకు ఎరుక.”

“కంపెనీవాడు పాత సరుకు అంటగడితే నేనేం చేసేది? ఎవరికో ఒకరికి అమ్మాలిగా.”

“ఎవరికో ఒకరికి. నిన్నగాక మొన్నొచ్చిన బాబూరావుకి మంచియి. పదకొండేండ్ల సంది వచ్చేటోళ్లం, మాకెందుకిచ్చిన్రు ఇయ్యి? అదొక్కటి చెప్పుండ్రి, పోత.”

“బాబూరావుకి ఒక్కసారి పంట పోతే పాల్వంచ పోయి కొనుక్కుంటాడు. మీరెక్కడికీ పోరు.”