మెట్ల కింద గది

బడిలో మెట్ల కిందున్న చిన్న గది. చదవడం కష్టమైన పిల్లలకు విడిగా నేర్పే టీచరు, మూడో తరగతి పిల్ల, ఆ పిల్ల అమ్మమ్మ.

“కూర్చోను టీచరమ్మా, కూర్చోడానికి రాలేదు. మిషను మీద జాకెట్టు సగంలో వదిలేసి వచ్చాను. మా పిల్ల పేరు కొట్టేస్తే నా దారిన నేను పోతాను.”

“ఒక్క నిమిషం అమ్మమ్మగారూ. చిన్నపిల్లల కుర్చీయే గానీ గట్టిదే—”

“అందులో కూలబడితే నన్ను లేపడానికి నలుగురు రావాలి. పేరు కొట్టేయండి.”

“ఎందుకో చెప్పండి ముందు.”

“ఎందుకా? ఈ గదిని పిల్లలు ఏమంటున్నారో తెలుసా మీకు?”

“మొద్దుల గది.”

“నిన్నడిగానా నేను? నోరు మూసుకో.”

“టీచర్‌కి తెలుసు అమ్మమ్మా. టీచర్‌ని మొద్దు టీచర్ అంటారు.”

“అవునండీ, తెలుసు. మొదట్లో బాధపడేదాన్ని. ఇప్పుడు అటెండరు కూడా అలాగే అంటున్నాడు, అలవాటైపోయింది.”

“నవ్వకండి. మా ఇంటా వంటా మొద్దులు లేరు.”

“మామయ్యో?”

“వాడి సంగతి వేరు.”

“పదో తరగతి నాలుగుసార్లు రాశాడుగా.”

“ఇష్టమై రాశాడు! నీకెందుకే?”

“చూశారా అమ్మమ్మగారూ? కబుర్లలో పెడితే మనిద్దర్నీ బజార్లో అమ్మేసి వస్తుంది. ఇది మొద్దేంటండీ? కాగితం మీద అక్షరాలే దీని మాట వినవు.”

“అక్షరాలు మాట వినకపోవడమేంటి?”

“కదుల్తాయి అమ్మమ్మా.”

“కదలడానికి అవేమన్నా చీమలా?”

“చీమలు నయం. వరసలో పోతాయి. ఇవి అలా కూడా పోవు. ‘మ’ చూస్తుంటే ‘య’ అయిపోతుంది, ‘ప’ చూస్తుంటే ‘వ’ అయిపోతుంది. నేనేం చెయ్యను?”

“వింటున్నారా? ఎంత ముద్దుగా అబద్ధమాడుతుందో!”

“అబద్ధం కాదండీ. కొందరు పిల్లలకి అంతే. కళ్లు బాగుంటాయి, తెలివి బాగుంటుంది, చదవడం దగ్గరే చిక్కు పడుతుంది. మీ మిషన్లో దారం చిక్కుపడితే మిషను పారేస్తారా?”

“ఎందుకు పారేస్తాను? బాబిన్ తీసి చిక్కు విప్పుతాను.”

“నేనూ అదే చేస్తున్నాను.”

“ఎన్నాళ్లు విప్పుతారు? ఏడు నెలలైంది! ఈ ఏడు నెలల్లో నేనైతే ఊరందరికీ లంగాలు కుట్టేసేదాన్ని.”

“అమ్మమ్మా, నాకిప్పుడు చదవడం వచ్చు.”

“ఆఁ, వచ్చు. కిందటేడు కూడా వచ్చింది. దీని ఘనకార్యం చెప్తాను వినండి టీచరమ్మా. ఇంటికి మా వియ్యాలవారు వచ్చారు. ఇది రెండో తరగతి పుస్తకం తీసి, ఈ చివర్నుంచి ఆ చివరికి గడగడా చదివేసింది. అందరూ చప్పట్లు. నేను పొంగిపోయాను. చివర్లో మా వియ్యపురాలు చూసింది. పుస్తకం తలకిందులు!”

“పక్కపిల్ల చదువుతుంటే విని నేర్చేసుకున్నా టీచర్.”

“పుస్తకం మొత్తమా?”

“మొత్తం. బొమ్మలొచ్చిన చోట ఎంతసేపు ఆగాలో కూడా.”

“ఆరోజు ఆవిడ నవ్విన నవ్వు ఇంకా నా చెవుల్లో ఉంది. ఇంక చాలండీ. క్లాసులో అందరితోపాటు కూర్చుంటుంది. చదువొస్తే వస్తుంది, లేదంటే నా పక్కన గుండీలు కుట్టుకుంటుంది.”

“గుండీలు కుట్టను.”

“కుట్టకపోతే కాజాలు కుడతావు. కొట్టేయండి పేరు.”

“ఒక్కసారి మీ ఎదుట చదివిస్తాను. ఆ తర్వాత మీ ఇష్టం. ఇదిగో, ఈ కథల పుస్తకం—”

“అది బాగా నలిగిపోయింది. కంఠతా వచ్చేసుంటుంది.”

“అయితే ఇంకోటి తీస్తాను.”

“మీ గదిలో ఏ పుస్తకమూ వద్దు. దీని వేషాలు మీకు తెలీవు. పుట్టి బుద్ధెరిగి ఇది చూడని కాగితం కావాలి. ఆ రిజిస్టరు కింద ఏంటది?”

“అదేం లేదండీ.”

“ఏం లేకపోవడమేంటి, టైపు కొట్టిన కాగితం! నన్ను చూడగానే గబుక్కున కింద పెట్టేశారుగా.”

“ఆఫీసు కాగితమండీ, పొద్దున్నే వచ్చింది. పిల్లలు చదివేది కాదు.”

“అదే కావాలి నాకు. కంఠతా పట్టే వీలుండదు.”

“అందులో పెద్దపెద్ద మాటలుంటాయి...”

“నేను చదువుతా టీచర్!”

“వద్దు తల్లీ. ఇటివ్వు.”

“చూశారా, చూశారా? మీకే నమ్మకం లేదు దాని మీద!”

“నమ్మకం లేక కాదండీ.”

“మరెందుకో చెప్పండి.”

“చదవలేనా టీచర్ నేను?”

“...చదవగలవు. నీ చేత కాదని మాత్రం నేననను. ఊఁ, అట్ట తీసుకో.”

“అట్టెందుకు? మధ్యలో ఆ కన్నమేంటి?”

“కన్నం కాదు అమ్మమ్మా, కిటికీ. మాట మీద పెడితే ఆ మాటొక్కటే కనబడుతుంది. మిగతావి ఎక్కడికి పారిపోయినా నాకు తెలీదు.”

“బాగుంది సంబడం. చదువు.”

“‘ప్ర... ప్రత్యేక... బోధన...’ బోధన అంటే ఏంటి టీచర్?”

“నేను నీకు నేర్పేది.”

“‘బోధన... గదికి... వచ్చే... పిల్లల...’ ఆగండి. స, పక్కన సున్న, ఖ, కింద య ఒత్తు. ‘సంఖ్య’!”

“అమ్మో! సంఖ్యేనా?”

“మధ్యలో మాట్లాడకు అమ్మమ్మా, కిటికీ జరిగిపోతుంది. ‘సంఖ్య... తక్కువగా... ఉన్నం... ఉన్నందున...’”

“టీచరమ్మా! ఇది నిజంగానే చదువుతోంది!”

“అవునండీ.”

“మా వియ్యపురాల్ని పిలిపిస్తాను. రేపే పిలిపిస్తాను. ముందు వరసలో కూర్చోబెడతాను. అదేంటి, కళ్లు తుడుచుకుంటున్నారు? సంతోషం లెండి, నాక్కూడా—”

“ష్! ‘వచ్చే... నెల... ఒకటో... తేదీ... నుంచి... ఈ... గదిని...’”

“గదిని? పెద్దది చేస్తున్నారా? చెయ్యాల్సిందే, గాలాడ్డం లేదిక్కడ.”

“‘మూసి... వేస్తున్నాము.’ చుక్క. అయిపోయింది!”

“ఏదీ, ఆ ఆఖరిది మళ్లీ చదువు.”

“‘మూసివేస్తున్నాము.’”

“తప్పు చదివింది. దీనికి ‘ప’కీ ‘వ’కీ తేడా తెలీదుగా. తప్పు చదివింది కదూ టీచరమ్మా?”

“లేదండీ. ఒక్క తప్పు కూడా లేదు.”

“నిజంగానా టీచర్? ఒక్కటి కూడా?”

“ఒక్కటి కూడా లేదమ్మా.”

“హమ్మయ్య! మరి... గది మూసేస్తే మీరెక్కడ కూర్చుంటారు?”

“వేరే ఊరి బడికి పంపిస్తారు.”

“నేనో?”

“నువ్వు ముందిలా నా దగ్గరికి రా తల్లీ.”

“టీచరమ్మా, పిల్లల సంఖ్య తక్కువంటే... ఎంతమంది ఉండాలి?”

“పదిమంది ఉండాలండీ. తొమ్మిదిమందే ఉన్నారు. మీరు పేరు కొట్టెయ్యమంటే ఎనిమిది—”

“కొట్టెయ్యమని ఎవరన్నారు? నేనా? ఈ సంతకం ఎవరిది?”

“హెడ్మాస్టరుగారిది.”

“ఆయన గదెక్కడ?”

“మెట్లెక్కగానే ఎడమ పక్క. అమ్మమ్మగారూ, ఆయనతో గొడవపడకండి, లాభం లేదు. నేను పొద్దున్నే అడిగి చూశాను.”

“గొడవెందుకు పడతాను? నేను నోరే విప్పను. పదవే. ఆయన ఎదురుగా నిలబడి ఈ కాగితం మొదట్నుంచి చదువు. ఒక్కో మాటా ఆగి ఆగి, మెల్లిగా చదువు. తొందరేం లేదు.”