సరోజనక్క ఆగిన చోట

బ్లూటూత్ స్పీకర్ పెట్టుకుంటే అయిపోతది గదా అత్తా, ప్రతిసారి ఒక మనిషి కూసోని చదువుడు ఎందుకు అని అడిగినవు. పెట్టినం బిడ్డా. భద్రాచలంల, హాలు నిండ కూసున్న టీచర్ల ముందట పెట్టినం. పరువు పోయింది. పెట్టింది ఇంకెవరో కాదు, నేనే.

జరుగు, ఆ బెంచీ మీద కూసో. ఈ రూము మనకు కిరాయికిచ్చిన కోచింగోళ్ల పిల్లలు వచ్చేదాక ఇంకా టైమున్నది. ఛాయ్ తాగుకుంట చెప్త.

ముందుగాల అసలు ఇది మాకెట్ల తగులుకున్నదో చెప్పాలె, లేకుంటే నీకు అంతుపట్టదు. పదకొండేండ్ల కింద, కాదు కాదు, పన్నెండు, మీ నాయనమ్మకు మోకాలు ఆపరేషనైన ఏడు. నళిని మేడం అని ఒకామె హైదరాబాద్ నుంచి వచ్చింది. ఆమె పెనిమిటికి ఖమ్మంల బ్యాంకుకు ట్రాన్స్‌ఫర్ అయింది. హైదరాబాద్‌ల ఏదో బడిల పిల్లలకు యురిథ్మీ నేర్పేదట. డాన్సా మేడం అంటే కాదన్నది. యోగానా అంటే కాదన్నది. మరి ఏంది అంటే, మాట చెవికి వినపడ్తది గదా, అది కంటికి కనపడేటట్టు చేసుడు అన్నది. ఆ అంటే చేతులు రెండు బార్లా తెరుచుడు. ఓ అంటే పెద్ద గంపను కావలించుకున్నట్టు గుండ్రంగ పట్టుడు. ఒక్కో శబ్దానికి ఒక్కో కదలిక. ఎవరన్న ఒకరు కవిత చదువుతుంటే మిగిలినోళ్లు దాన్ని చేతులతోటి, నడకతోటి చెయ్యాలె. నాకు నవ్వొచ్చింది. నేను జూనియర్ కాలేజీల కామర్స్ చెప్పేదాన్ని, నాకెందుకు గిదంత. అయినా రెండో వారం పోయిన, మూడో వారం పోయిన. ఎందుకంటే చెప్పలేను. నడుం నొప్పి తగ్గిందని మీ మామకు చెప్పిన.

మీ మామ ఊకుంటడా? ఆదివారం పొద్దున నేను తయారైతుంటే, పో పో, గాలిల ముగ్గులెయ్యిపో అనేటోడు. ఇప్పటికీ అంటడనుకో.

ఏడుగురం అయినం. అందరం టీచర్లమే, ఒక్క పోస్టాఫీసు పద్మ తప్ప. కడ్డీలు గావాలె అన్నది మేడం. రాగివి, ఇగో గింత పొడుగు, చేతిల పట్టుకోని అభ్యాసం చెయ్యనీకి. ఖమ్మంల రాగి కడ్డీలు ఎక్కడ దొరుకుతయి? కడకు ఏసీలు రిపేరు చేసేటాయన దుకాణానికి పోయినం. రాగి గొట్టం ఏడు ముక్కలు కోసియ్యమంటే, ఎన్ని టన్నుల ఏసీ మేడం అన్నడు. ఏసీ కాదన్న, మరి దేనికి అన్నడు. కవిత్వానికి అన్నది పద్మ. ఆయన ఇంకేం అడగలే, కోసిచ్చిండు. అప్పుడు ఒక్కో ముక్క నూట ఎనభై పడ్డది, ఇప్పుడైతే ముట్టుకోలేం. నీ చేతిలున్నది ఆ ఏడింట్ల ఒకటే. అంచు కొద్దిగ వంగి ఉన్నది చూడు, నేనే పడేసిన.

ఇగ తెలుగుకు వచ్చేసరికి లొల్లి. మేడం నేర్చుకున్నదంత వేరే దేశంల పుట్టిన పద్ధతి. మన ళ కు, ణ కు వాళ్లకాడ ఏమున్నది? ళ ఎట్ల చెయ్యాలె అని నెల రోజులు కొట్లాడినం. నాలుక వెనక్కి మడతపడ్తది గదా, మణికట్టు గట్ల మడవాలె అని ఒకరు, కాదు మోచెయ్యి అని ఒకరు. నళిని మేడం కూసోని నవ్వేది. మీ భాష మీరే తేల్చుకోండి అనేది. తేల్చుకున్నం. మణికట్టే.

మూడేండ్లకు మేడం పుణె పోయింది. ఇగ అయిపోయింది, బంద్ అయితది అనుకున్నరు అందరు. కాలే. ఎందుకు కాలే అంటే సరోజనక్క ఉన్నది గనక.

నువ్వు ఈ రెండు వారాలు చూసినవు గదా, కిటికీ పక్కన కుర్చీల కూసోని చదివే పెద్దామె. ఎర్రుపాలెంల తెలుగు పండితురాలుగ రిటైరైంది. కాళ్ల నొప్పులు, ఎక్కువసేపు నిలబడలేదు. నేను మీతోటి ఆడలేనమ్మా, చదువుతాను అని వచ్చింది. అప్పటిసంది ప్రతి ఆదివారం ప్యాసింజర్ ఎక్కి వస్తది. కవితలు ఆమెయే రాస్తది. రాస్తదని ఎవరికీ చెప్పదు, పాత నోటుబుక్కులల్ల ఉన్నయంటది.

ఆమె చదువుడు నువ్వు గమనించినవో లేదో, కాగితం చూడది. మా కాళ్లు చూస్తది. ఎవరన్న వెనుకపడ్డరనుకో, ఆ మాటను గట్లనే పట్టుకోని ఉంటది, వాళ్లు అందుకున్నంక వదులుతది. అందుకే ఒక్కసారి చదివినట్టు ఇంకోసారి చదవది. నాకు అదే మండేది. కామర్స్ మనిషిని గదా, నాలుగు నిమిషాలంటే నాలుగు నిమిషాలే గావాలె నాకు. ఆమె ఒకసారి నాలుగు, ఒకసారి ఆరు.

గట్ల ఉండంగ భద్రాచలం నుంచి పిలుపొచ్చింది. టీచర్లకు ఏదో ట్రైనింగు, అండ్ల మధ్యాహ్నం మాకు ఐదు నిమిషాలు. ఈశ్వరికి సంబురం. ఈశ్వరి తెల్సు గదా, దుమ్ముగూడెం దిక్కు ఆశ్రమ బడిల టీచరు, కోయ ఆమె, శనివారం రాత్రికి ఖమ్మం వస్తది. వాళ్ల బడి పిల్లలకు ఇది నేర్పాలని రెండేండ్లసంది తిరుగుతున్నది. వాళ్ల పెద్దసార్లు ఆ ట్రైనింగుల చూస్తే ఒప్పుకుంటరని ఆశ. ఆ మీటింగు పెట్టేటాయన ఫోన్ల అన్నడు, మేడం, మైకుల చదువుడు గిట్ల వద్దు, లేటైతది, పెన్‌డ్రైవ్‌ల తెచ్చుకోండ్రి అని. నాకు మంచిగనిపించింది. ఐదు నిమిషాలంటే ఐదే నిమిషాలు.

ఆదివారం అభ్యాసంల నా ఫోను కిటికీల బ్యాగు చాటుకు పెట్టిన. రికార్డు ఆన్ చేసిన. సరోజనక్కకు చెప్పలే. అయిపోయినంక, అక్కా నీకు దగ్గు ఉన్నది, అంత దూరం బస్సుల ఎందుకు, ఈసారికి ఇంటికాడ ఉండు అన్న. ఆమె నా మొకం చూసి, సరేలే అన్నది. ఆ సరేలే అంటే సరే కాదని నాకు తెల్సు. తెల్వనట్టున్న.

ఇంటికి పోయి రికార్డు మొదలు విన్న, చివర విన్న. మొత్తం ఎంతసేపో చూసిన, ఐదు నిమిషాలకు పది సెకండ్లు తక్కువ. సరిపాయె అని పెన్‌డ్రైవ్‌ల ఎక్కించిన. నడుమల వినలే.

రికార్డు పెడ్తున్నమని బస్సుల చెప్పిన వీళ్లకు. ఈశ్వరి అన్నది, అక్క లేకుంటనా మేడం? గొంతు ఆమెదే గదా అన్న. ఈశ్వరి కిటికీ దిక్కు తిరిగి కూసున్నది.

స్టేజీ ఎక్కినం. గోదారి మీద కవిత. మబ్బు గోదారి మీదికి దిగొచ్చి, అవతలి ఒడ్డు ఎక్కడని అడిగింది. ఆ పాదంల ఏడుగురం కడ్డీలు నెత్తి మీదికి ఎత్తి, అర్ధచంద్రం లెక్క తిరగాలె. మంచిగ నడుస్తున్నది. అవతలి ఒడ్డు, అన్నది సరోజనక్క గొంతు. ఎత్తినం. ఇగ ఆగిపోయింది.

ఏం లేదు. సప్పుడే లేదు. చేతులు పైకెత్తి ఏడుగురం నిలబడ్డం. కరెంటు పోయిందా అంటే ఫ్యాన్లు తిరుగుతున్నయి. అప్పుడు స్పీకర్ల నుంచి ఠంగుమని ఒక సప్పుడు, ఎన్క గరగరగర దొర్లుడు. అప్పుడు యాదికొచ్చింది నాకు. ఆ ఆదివారం ఈశ్వరి చేతిల కడ్డీ జారి బెంచీ కిందికి పోయింది. అది తీసుకునేదాక సరోజనక్క ఆగింది. ఎప్పుడూ ఆగుతది గదా, మాకు లెక్కే లేదు. అదంత ఫోన్ల పడ్డది.

దగ్గు వినపడ్డది. ఆ ఎన్క, హాలంత మోగేటట్టు, "తీసుకోమ్మా ఈశ్వరీ, తొందరేం లేదు. అటు కాదు, బెంచీ కింద, అటు."

ఈశ్వరి వంగింది. చేతిల కడ్డీ ఉండంగనే కింద కడ్డీ కోసం వంగింది. పద్మ కూడ తొంగి చూసింది. వాళ్లను ఏం అంటం, ఇన్నేండ్లు ఆ గొంతు ఎటు అంటే అటు నడిచిన కాళ్లు అవి. హాలు హాలంత నవ్విండ్రు. నవ్వరా మరి. ముందట కూసున్న పెద్దసారు కండ్లద్దాలు తీసి తుడుచుకుంట నవ్వుతున్నడు.

ఎట్లనో దిగొచ్చినం. మెట్లకాడ సరోజనక్క నిలబడి ఉన్నది. చెప్పకుంట బస్సెక్కి వచ్చింది, ఎన్క వరుసల కూసోని చూసిందంత. నేను చేతిల కడ్డీ కొంగు చాటుకు పెట్టిన. ఆమె మాత్రం చల్లగ అడిగింది.

"విజయా, కడ్డీ దొరికిందా?"

అంతే. చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకోని బస్టాండు దిక్కు నడిచిపోయింది.

ఆ ఎన్క ఆదివారం రాలే. ఆ మీదటిది రాలే. ఫోను ఎత్తలే. నేనే చదువుత పట్టుండ్రి అని కుర్చీల కూసున్న. రెండు పాదాలు చదివినంక ఈశ్వరి ఆగి, మేడం, హాజరు తీసుకుంటున్నరా అన్నది. నవ్వలేక నవ్వినం. నాలుగో వారానికి పద్మ రాలే, ఇంకిద్దరు రాలే. ఏడుగురం నలుగురమైనం. ఇగ తాళంచెవి కోచింగాయనకు ఇచ్చేసుడే మిగిలింది.

ఎర్రుపాలెం పోయిన. ఆమె వసారాల మిరపకాయ గుట్ట పోసుకోని తొడిమెలు తీస్తున్నది. రా అనలే, కూసో అనలే. కూసున్న. నేను కూడ తొడిమెలు తీసుడు మొదలుపెట్టిన. నాకు అలవాటు లేదాయె, గంటకు చేతులు భగ్గుమన్నయి. అయినా తీస్తనే ఉన్న.

"కళ్లు ముట్టుకోకు" అన్నది. మొదటి మాట అదే.

"తప్పైంది అక్కా" అన్న.

"తప్పైందని తెలుసులే. ఎందుకు చేశావు?"

"నువ్వు ఏ దినం ఎంతసేపు చదువుతవో తెల్వదు. నాకు భయం."

"మీరు ఏ దినం ఎక్కడ అడుగేస్తారో నాకు తెలుసా మరి?" గుప్పెడు కాయలు నా దిక్కు జరిపింది. "నన్ను తీసుకుపోవడం కష్టమంటే నేనే వద్దనేదాన్ని. దగ్గు దగ్గు అన్నావు. పైగా నేను ఆగింది ఆ పిల్ల కోసం, కడ్డీ పడ్డదని. దాన్ని పట్టుకెళ్లి ఆ పిల్లనే నలుగుర్లో నవ్వులపాలు చేశావు."

ఆ మాట నేను అనుకోలే చూడు. ఇన్ని దినాలు నా పరువు, నా పరువు అనుకున్న. ఈశ్వరి వాళ్ల పెద్దసార్ల ముందట వంగి నేల ఎతుకుతుంటే నవ్విండ్రని, ఆ పిల్ల మళ్ల వాళ్ల ముందటికి ఏ మొకం పెట్టుకోని పోతదని ఒక్కసారి కూడ అనుకోలే.

"ఏం చేద్దామంటవు అక్కా?"

"నన్నడుగుతావేం? నువ్వు చేసింది నువ్వే సర్దుకో. పద, అన్నం తిందువు గాని."

చేతులు మండుతుంటే అన్నం కలుపుకోరాలే. స్పూను ఇచ్చింది, నవ్వింది కూడ. తింటున్నప్పుడు చెప్పిన ఆమెకు. మనిషి కూసోని చదవకుంటే మేము అడుగెయ్యం, చదివేది నువ్వైనా, ఇంకొకరైనా. స్టేజీ పోతే పోయింది. చూద్దాంలే అన్నది.

తెల్లారి ఈశ్వరికాడికి పోయిన, దుమ్ముగూడెం. వాళ్ల హెడ్మాస్టర్ ముందట కూసోని, ఆ దినం తప్పు ఈమెది కాదు, నేను దొంగతనంగ చేసిన రికార్డుది అని చెప్పిన. ఆయన నవ్వాపుకుంట విన్నడు. ఒక క్లాసుతోటి మొదలు పెట్టుకోమన్నడు. ఇప్పుడు అక్కడ ఈశ్వరియే కోయ భాషల పాట చెప్తది, పిల్లలు చేస్తరు. ఒకసారి నిన్ను తీసుకపోత.

సరోజనక్క ఆ ఎన్క ఆదివారం రాలే. ఆ మీదటి ఆదివారం వచ్చింది. కుర్చీల కూసోని, ఆ ఫ్యాన్ చప్పుడు తగ్గించండమ్మా అన్నది. పోయినోళ్లు కూడ ఒకరొకరు వచ్చిండ్రు.

నిరుడు ఆమె గొంతుకు ఆపరేషన్ అయింది. మూడు నెలలు మాట్లాడొద్దన్నరు డాక్టర్లు. గప్పుడే కొత్తగూడెంల పెద్ద స్టేజీకి పిలుపు. లైట్లు, పరదాలు, అంత వాళ్లదే. మావోళ్లందరికి పోవాలని ఉన్నది, నాకు లేదా, నాకూ ఉన్నది. చదవనీకి ఇంకొకరిని తయారు చేసుకునే టైము లేదు. దవాఖానాకు చూడబోతే సరోజనక్క కాగితం మీద రాసి ఇచ్చింది. నా పాత రికార్డులేమన్నా ఉంటే పెట్టుకోండి, నేనే ఒప్పుకుంటున్నాను అని. కింద సంతకం కూడ.

చదివిన. మడిచి ఆమె దిండు కింద పెట్టిన. బయట వరండాలకు వచ్చి కొత్తగూడెమోళ్లకు ఫోన్ చేసి, మాకు చదివే మనిషి లేదు, మేము వస్తలేం అని చెప్పిన.