ఏ కార్బురేటర్ పెట్టాలి?

పాయింట్ కుక్‌లో ఒక ఇంటి గరాజ్. బానెట్ ఎత్తిన, ఎనిమిది సిలిండర్ల పాత వి-ఎయిట్ కారు పక్కన భార్యాభర్తలు నిలబడి ఉన్నారు.

"ఏమండీ, మళ్ళీ పెద్ద కార్బురేటరే కొంటున్నారా? మనం వెళ్ళేది కూరగాయలకి, రేసులకి కాదు."

"చిన్నది పెడితే ఇంజన్‌కి పెట్రోలు చాలక ఆ పికప్ ఉండదోయ్. రోడ్డు మీద ఎవరూ తిరిగి చూడరు."

"ఇప్పుడున్న పెద్దదానితో ప్రతి సిగ్నల్ దగ్గరా ఇంజన్ ఆగిపోతోంది. మొన్న అందరూ తిరిగి చూశారు, నన్ను. పట్టుచీర ఎగ్గట్టి కారు తోసింది నేనే కదా!"

"స్టీరింగ్ ఎవరో ఒకరు పట్టుకోవాలిగా."

"నిజమే. నాకింక ఓపిక లేదండీ. ఇకనుంచి స్టీరింగ్ నేను పట్టుకుంటాను, మీరు తోయండి."

ఆయన కారు వెనక్కి వెళ్ళి, దాన్ని కిందనుంచి పైదాకా ఒకసారి చూశారు.

"ఆ ఫోనిలా ఇవ్వు. చిన్నదే ఆర్డర్ చేస్తాను."