మొదటి కొలత

భిలాయ్‌లో ఉద్యోగం చేసి రిటైరైన ఆయన, భార్యతో కలిసి కుమ్హారి దగ్గర తమ ఆవులు మేసే బీడు గట్టున నిలబడ్డాడు. దూరంగా జీపు వస్తోంది.

"మట్టి పరీక్షోళ్ళేనా?"

"వాళ్ళే. దున్నకుండా గడ్డి పెంచి మన నేలలో కార్బన్ పెంచుతామని ఒప్పందం రాసిచ్చేం కదా, ఈ మూడేళ్ళలో ఎంత పెరిగిందో చూస్తారు."

"గడ్డి బాగానే పెరిగింది కదా. మీకా చెమటలేటి?"

"మూడేళ్ళ కిందట మొదటి కొలతకి ముందురోజు, వాళ్ళు జెండాలు పాతిన చోటల్లా బొగ్గుపొడి కలిపీసేను."

"అయ్యో ప్రభువా! ఎందుకు?"

"ముప్ఫయ్యేళ్ళు డ్యూటీ చేసినోణ్ణి. ఇన్‌స్పెక్షనంటే ముందే అన్నీ చక్కబెట్టీడం అలవాటు. మన నేల మంచిదనిపించుకుందామని..."

"పరీక్షలో మార్కులనుకున్నారేటి? ఇప్పుడు ఆ దొంగ కొలత కంటే పెరగాలా?"

"పెరగాల. తగ్గితే చాటుగా దున్నీసేమంటారు. అప్పుడు ఒప్పందం ప్రకారం ఇరవయ్యేళ్ళు ఆవుల్ని లోపలికి రానివ్వరు."

"నిజం చెప్పీండి."

"చెప్తే మోసం కేసు పెడతారు."

"మరేటి చేసేరు?"

"పొద్దున్నే ఆ చోట్లలోనే మళ్ళీ కలిపేను. ఈసారి రెండింతలు."

"బాగుంది! మరి మూడేళ్ళ తర్వాత మళ్ళీ కొలిస్తేనో?"

జీపు గట్టు దగ్గర ఆగింది.

"చేతులు వెనక్కి పెట్టుకోండి," అందామె మెల్లగా. "గోళ్ళ నిండా బొగ్గే."