బూట్లకంటిన కొండమట్టి

నర్సరీ షెడ్డులోంచి వచ్చి కోడలు తలుపు తట్టింది. అత్తగారు సగమే తీసి, గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"మళ్ళీ వచ్చావా? వాడి బూట్లు ఇవ్వనన్నానుగా."

"బూట్లు మీరే ఉంచుకోండి అత్తయ్యా. వాటికంటిన మట్టి చాలు నాకు. చెంచాతో గీకి తీసుకుంటా."

"మట్టి తీసేశాక అందులో వాడిదేం మిగులుతుంది?"

"పోనీ ఒక్కదానికున్న మట్టే ఇవ్వండి. ఎడమదో, కుడిదో."

"ఎడమదాని జోలికి అసలే రావద్దు."

"ఏం, దానికేమైంది?"

"ఏమీ కాలేదు. తిన్నావా నువ్వు?"

"మాట మార్చకండి. ఫ్రిజ్‌లో ఆ కొండమొక్క గింజలు కాసినే మిగిలాయి. ఏ మట్టిలో వేసినా కుళ్ళిపోతున్నాయి. సొంత మట్టి కాస్త కలిపితేనే కళ్ళు తెరుస్తాయని ఆయన చెప్పేవారుగా."

"అయితే వెళ్ళి కొండమీదే తవ్వుకో."

"ఎక్కడ తవ్వను? ఆ మొక్కలున్న చరియంతా పోయిన వానలకి జారిపోయింది కదా, ఆయనతో సహా."

"ఆ మాట అనకు."

"అనకపోతే తిరిగొస్తారా?"

"బూట్లు తడిసున్నాయని చెప్పులేసుకుని పోయాడమ్మా. ఆరేదాకా ఆగరా అన్నా. సాయంత్రానికల్లా వచ్చేస్తాగా అన్నాడు. ఆ చెప్పులతో పరిగెత్తలేకపోయి ఉంటాడు. ఇప్పటికీ సాయంత్రమైతే మెట్లమీద ఆ చెప్పుల చప్పుడు..."

"నాకూ వినపడుతుంది."

"నీకూనా?"

"లేచి వెళ్ళి చూస్తా కూడా. ఎవరూ ఉండరు."

"నాతో ఎప్పుడూ అన్లేదేం?"

"మీరన్నారా?"

"ఏం మొక్కో ఏమో. దానికోసం అంత పిచ్చేంటో వాడికి."

"పెళ్ళయిన కొత్తలో నా మొహం కన్నా దాని కుండీనే ఎక్కువ చూసేవారు. సవతి అని పేరు పెట్టా దానికి."

"సవతి కోసమేనా ఇంతలా బతిమాలుతున్నావు?"

"ఏం చేయను? దాని జాతి మొత్తానికీ మిగిలినవి ఆ గింజలే. ఈ వానలు దాటితే అవీ చచ్చిపోతాయి. మొలిస్తే పెంచి, పక్క చరియమీద నాటి వస్తా. ఆయన చేయాలనుకున్నది అదేగా."

"నువ్వే వెళ్తావా?"

"ఇంకెవరున్నారు?"

"అందుకే ఇవ్వను."

"వాన లేనప్పుడే వెళ్తా అత్తయ్యా. చీకటి పడకముందే వచ్చేస్తా."

"వాడూ అచ్చం ఇలాగే అన్నాడు."

"కాస్త జరగండి. కిటికీలో అదేంటి? ఎడమ బూటు తిరగేసి, మడమ మీద గాజుగ్లాసు బోర్లించారేంటి? ఆ మట్టి తడిగా ఉందేంటత్తయ్యా?"

"దగ్గరికెళ్ళకు. గట్టిగా ఊపిరి కూడా వదలకు. మడమ దగ్గర మట్టిలో వాడితో వచ్చిన గింజేదో ఇరుక్కుని ఉన్నట్టుంది. రెండాకులేసింది. నీకు చెప్తే దాన్ని కూడా ఆ కొండకే పంపించేస్తావు."